లెక్కలోకి వచ్చే గంట

(సోషల్ వర్క్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మీకు చూపించాలని ఒక కాగితం తెచ్చాను. వెనక వరుసల వాళ్లకు కనిపించదు కాబట్టి చెబుతాను. ఇది హాజరు పత్రం. ఎడమ పక్కన తేదీలు, వాటికెదురుగా గంటలు రాసే గళ్లు, అడుగున రెండు సంతకాలకు చోటు. ఒకటి ప్రభుత్వ సాయం పొందే తల్లి పెట్టాలి. రెండోది ఆమెకు పాఠం చెప్పేవారో, పని చేయించేవారో పెట్టాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిదనుకోండి) సంక్షేమ కార్యాలయంలో నేను పంతొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. ఆ పంతొమ్మిదేళ్లూ నా బల్ల మీద పేరుకున్నవి ఎక్కువగా ఈ కాగితాలే.

ఉపాధి హామీ పని దగ్గర మస్టరు చూసినవాళ్లకు దీని సంగతి ఇట్టే అర్థమవుతుంది. మస్టరులో పేరు పడకపోతే తవ్విన మట్టికి కూలి రాదు. ఇక్కడా అంతే, ఈ కాగితం మీదికి ఎక్కని గంట గడిచినా గడవనట్టే. కానీ ఒక తేడా మరిచిపోవద్దు. మన 2005 ఉపాధి హామీ చట్టంలో పని అడగడాన్ని కుటుంబానికి హక్కుగా రాశారు. అమెరికాలో నేను చూసిన, పేద కుటుంబాలకు నగదు సాయమిచ్చే పథకంలో పని చేయడం ఆ సాయానికి షరతు. ఒకచోట పేదవాడు ప్రభుత్వాన్ని పని అడుగుతాడు, మరోచోట ప్రభుత్వం పేద తల్లిని పని ఏదని అడుగుతుంది. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ రెండో దాని గురించి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1935లో రూజ్‌వెల్ట్ కాలంలో వచ్చిన సామాజిక భద్రత చట్టంలోనే, సంపాదించే దిక్కు లేని పిల్లల కుటుంబాలకు నగదు సాయం మొదలైంది. తర్వాత దానికి ఏఎఫ్‌డీసీ అనే పేరు స్థిరపడింది. రాష్ట్రం ఖర్చు పెట్టినదానికి ఫెడరల్ ప్రభుత్వం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం, తన వంతు కలిపేది. అర్హులైన కుటుంబాలు పెరిగితే ఆ సొమ్మూ పెరిగేది. అరవై ఏళ్లు అలా నడిచాక, 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ కొత్త చట్టం మీద సంతకం చేశారు. ఏఎఫ్‌డీసీ పోయి టానఫ్ వచ్చింది. ‘అవసరంలో ఉన్న కుటుంబాలకు తాత్కాలిక సాయం’ అని దాని అర్థం. ఆ పేరులో తాత్కాలికం అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఫెడరల్ సొమ్ముతో ఒక పెద్ద మనిషికి జీవితం మొత్తంలో 60 నెలలే సాయం. కష్టాల్లో ఉన్నవారి కోసం ఆ పరిమితి దాటించే వీలుంది, అయితే అది మొత్తం కుటుంబాల్లో 20 శాతానికి మించకూడదు. ఈ సాయం ఎవరికీ వ్యక్తిగత హక్కు కాదని చట్టంలోనే రాసుకున్నారు.

ఇక డబ్బు సంగతి. అర్హులు పెరిగితే పెరిగే సొమ్ము స్థానంలో బ్లాక్ గ్రాంటు వచ్చింది, అంటే ఏటా ఒకే మొత్తం. దేశం మొత్తానికి సుమారు 1,650 కోట్ల డాలర్లు. కాలిఫోర్నియా వాటా అందులో 370 కోట్లకు కాస్త పైన. 1996లో ఎంతో ఈనాటికీ దాదాపు అంతే. ఈ మధ్యలో అమెరికాలో ధరలు రెట్టింపయ్యాయి. అంటే ఆ గ్రాంటు విలువ సగానికి పడిపోయింది. దాన్ని సగం చేయాలని ఎవరూ చట్టం తేలేదు, ఎవరూ ఓటు వేయలేదు. ఊరికే వదిలేశారు, అంతే. పేదల సొమ్ము ఇలా కరిగిపోతే వార్తాపత్రికల్లో మొదటి పేజీకి రాదు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

గ్రాంటు తీసుకున్నందుకు రాష్ట్రం కూడా తన చేతి నుంచి ఖర్చు పెట్టాలి. 1994లో పెట్టినదానిలో కనీసం 80 శాతం. పని లెక్క కుదిరితే 75 శాతం చాలు. ఈ పని లెక్క ఏమిటన్నదే ఈ రోజు అసలు విషయం.

సాయం అందుకుంటున్న కుటుంబాల్లో, పని చేయగల పెద్దవాళ్లున్న వాటిలో సగం కుటుంబాలు ప్రతి నెలా నిర్ణీత గంటల పాటు నిర్ణీత పనుల్లో ఉండాలని ఫెడరల్ చట్టం రాష్ట్రానికి చెబుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్న కుటుంబాల్లో అయితే 90 శాతం. తక్కువైతే జరిమానా. మొదటిసారి గ్రాంటులో 5 శాతం దాకా కోత, తర్వాత ఏటా మరో 2 చొప్పున, 21 శాతం వరకు. ఒంటరి తల్లికి వారానికి సగటున 30 గంటలు. ఆమెకు ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే 20.

ఏ పని చేసినా సరిపోతుందనుకోకండి. చట్టం పన్నెండు రకాల పనులు పేర్కొంటుంది. వాటిలో తొమ్మిది ప్రధానమైనవి: ఉద్యోగం, సబ్సిడీతో ఇప్పించిన ఉద్యోగం, పని అనుభవం, సమాజ సేవ, వృత్తి విద్య, ఉద్యోగ వేట, ఇలాంటివి. మిగిలిన మూడూ చదువుకు, నైపుణ్య శిక్షణకు చెందినవి. 30 గంటల్లో మొదటి 20 గంటలు ప్రధానమైన పనుల్లో గడిస్తేనే ఈ మూడింటి గంటలు కలుస్తాయి. వృత్తి విద్య ప్రధానమైనదే కదా అంటారేమో. అవును, కానీ ఒక మనిషికి జీవితంలో 12 నెలలే. ఉద్యోగ వేట అయితే మామూలుగా ఏడాదికి ఆరు వారాలు, అందులోనూ వరసగా నాలుగుకు మించకూడదు. ఉద్యోగం ఎప్పుడు దొరుకుతుందో వారాలు లెక్కపెట్టుకుని దొరకదు, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

2008లో వచ్చిన ఫెడరల్ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం చెబుతాను. ఒకే రోజు రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్లిన మనిషికి, ఒక ఇంటర్వ్యూ నుంచి మరొక ఇంటర్వ్యూకు ప్రయాణించిన సమయం లెక్కలోకి వస్తుంది. ఇంటి నుంచి మొదటి ఇంటర్వ్యూకు వెళ్లిన సమయం రాదు. చివరి ఇంటర్వ్యూ నుంచి ఇంటికి వచ్చిన సమయం రాదు. బస్సులు తక్కువ తిరిగే ఊళ్లో, ఉదయం ఆరింటికి పిల్లను డేకేరులో దింపి, రెండు బస్సులు మారి, తొమ్మిదింటికి ఇంటర్వ్యూకు చేరిన తల్లికి ఈ వాక్యం చదివి వినిపించాల్సిన ఉద్యోగం నాది.

మరి ఇదంతా నడిపేది ఎవరు? ఫెడరల్ ప్రభుత్వం నడపదు. సాయం ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో, మాట వినకపోతే ఏం చేయాలో చాలావరకు రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ముగ్గురున్న కుటుంబానికి 2023లో ఆర్కాన్సాలో నెలకు గరిష్ఠంగా 204 డాలర్లు. కాలిఫోర్నియాలో 1,100కు పైనే. ఒకే దేశం, ఒకే చట్టం! మిసిసిప్పిలో ఈ స్వేచ్ఛ ఎక్కడికి పోయిందో 2020లో రాష్ట్ర ఆడిటరు బయటపెట్టారు. పేద కుటుంబాల సొమ్ములో కొంత ఒక విశ్వవిద్యాలయంలో వాలీబాల్ క్రీడా ప్రాంగణం కట్టడానికి వెళ్లింది. టానఫ్ సొమ్ము దేనికి వాడొచ్చో చట్టంలో రాసిన నాలుగు ఉద్దేశాలు మరీ విశాలంగా ఉండబట్టే అలాంటి దారులు తెరుచుకున్నాయని నా అభిప్రాయం.

కాలిఫోర్నియా కథ 1996 కంటే ముందే మొదలైంది. 1985లోనే గెయిన్ అనే పథకం పెట్టి, సాయం పొందేవారిని చదువుకో, ఉద్యోగానికో పంపడం ప్రారంభించారు. అందులో రివర్‌సైడ్ కౌంటీ దేశమంతటా పేరు తెచ్చుకుంది. ‘ఏ ఉద్యోగం దొరికితే అది పట్టుకో, మంచిది తర్వాత వెతుక్కో’ అన్నది వాళ్ల పద్ధతి. అక్కడి ఫలితాలు బాగున్నాయని పరిశోధకులు చెప్పారు, ఆ మాట వాషింగ్టన్ దాకా వెళ్లింది. తర్వాత ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఇంకా మెరుగైన ఫలితాలు వచ్చాయి. అక్కడ మొదట దొరికిన పని కాకుండా కాస్త మంచి పని కోసం ఆగమన్నారు, అవసరమైనవారికి కొద్దికాలం చదువు చెప్పించారు. చట్టం రాసినవాళ్లకు రివర్‌సైడ్ గుర్తుండిపోయింది. పోర్ట్‌లాండ్ గుర్తుండి ఉంటే నా పంతొమ్మిదేళ్లు మరోలా గడిచేవి.

1997లో రాష్ట్ర శాసనసభ క్యాల్‌వర్క్స్ చట్టం చేసింది. టానఫ్‌కు కాలిఫోర్నియాలో ఉన్న రూపం అదే. 1998 జనవరి 1 నుంచి అమలు. రాష్ట్రం నియమాలు రాస్తుంది, 58 కౌంటీలు నడుపుతాయి. దరఖాస్తు, తర్వాత పరిచయ సమావేశం, ఆ తర్వాత కేసు వర్కరుతో కూర్చుని చదువు, ఆరోగ్యం, ఇల్లు, పిల్లల సంగతులన్నీ చెప్పుకునే మదింపు. దాని మీద ఒక ప్రణాళిక రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. పిల్లల సంరక్షణ ఖర్చు, బస్సు పాసు, పుస్తకాలు, యూనిఫాం లాంటి వాటికి కౌంటీ డబ్బు ఇస్తుంది. ఈ మాట కాగితం మీద చిన్నది, బతుకులో చాలా పెద్దది.

ఒక కేసు చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. 2014 ప్రాంతంలో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఇద్దరు పిల్లలు. పెద్దది ఎనిమిదేళ్ల అమ్మాయి, చిన్నవాడికి ఐదు నిండాయి. ఆమె కమ్యూనిటీ కాలేజీలో నర్సింగుకు దారితీసే చదువు మొదలుపెట్టింది. వారానికి పది గంటల తరగతులు. చిన్నవాడికి ఆరు నిండలేదు కాబట్టి ఆమెకు కావాల్సింది 20 గంటలు. మిగతా పది ఎక్కడివి? రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర చదువుకుంటున్న గంటలు ఉన్నాయి కదా. ఒక్కో తరగతి గంటకు ఒక్కో గంట ఇంటి చదువును లెక్కలో వేసుకోవచ్చని ఫెడరల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే అంత చదువు అవసరమని కాలేజీ రాసి ఇవ్వాలి. ఆమె రెండు వారాల పాటు ఒక అధ్యాపకుడి వెంట తిరిగి ఆ ఉత్తరం తెచ్చింది. ఒక పేజీ, మూడు వాక్యాలు. పది తరగతి గంటలు, పది ఇంటి చదువు గంటలు, వెరసి ఇరవై. ఆ రోజు ఆమె కంటే నేనే ఎక్కువ సంతోషించాను.

అక్టోబరులో చిన్నవాడికి ఆరో పుట్టినరోజు వచ్చింది. ఆ నెల నుంచి ఆమెకు 20 గంటలు కాదు, 30. ఆ తేదీ ఆమెకు నా కంటే ముందే గుర్తుంది. కొడుక్కి కేకు ఎక్కడ కొనాలన్న ఆలోచనతో పాటు ఆ పది గంటల దిగులూ ఆమె మనసులో తిరుగుతూ ఉంది. ఆ మాట ఆమె చెప్పినప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేదు.

రాష్ట్రం నడిపే తీరు తెలిసేది ఇలాంటి చోటే. ఫెడరల్ చట్టం రాష్ట్రాన్ని కొలుస్తుంది, తల్లిని కాదు. ఆమె 30 గంటలు చేయకపోతే, రాష్ట్రం చూపించాల్సిన ఆ సగం కుటుంబాల లెక్కలోకి ఆమె పేరు రాదు, అంతే. ఆమెను ఏం చేయాలన్నది చాలావరకు రాష్ట్రం చేతిలో ఉంటుంది. కాబట్టి రాష్ట్రానికి రెండు ఖాతాలు. ఒకటి వాషింగ్టన్‌కు చూపించేది, రెండోది తన ప్రజలతో నడుపుకునేది. 2013 నుంచి కాలిఫోర్నియా ఆ రెండో ఖాతాలో ఒక వెసులుబాటు పెట్టింది. 24 నెలల పాటు ప్రధానమైన పనుల గంటల షరతు లేదు, తన ప్రణాళికలో ఉన్న చదువుతోనో, చికిత్సతోనో గంటలు నింపుకోవచ్చు. ఫెడరల్ లెక్కకు రాని గంట రాష్ట్రం లెక్కకు వచ్చింది. ఆ తల్లి మరో తరగతిలో చేరింది. కాలేజీ గ్రంథాలయంలో వారానికి కొన్ని గంటల పని కూడా దొరికింది. 30 నిండాయి. తెల్లని నర్సు బూట్లకు కౌంటీ డబ్బు ఇచ్చింది. ఆ రసీదు ఆమె ఫైలులో నేనే గుచ్చాను.

2022 మే నుంచి ఆ 24 నెలల గడియారాన్ని కూడా తీసేశారు. అంతకుముందు 48 నెలలకు కుదించిన సాయం కాలపరిమితిని తిరిగి 60 చేశారు. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

మాట వినకపోతే ఏమవుతుందని మీరు అడగకముందే చెబుతాను. చాలా రాష్ట్రాల్లో కుటుంబం మొత్తానికి సాయం ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో పెద్ద మనిషి వాటా మాత్రమే కోస్తారు, పిల్లల వాటా కొనసాగుతుంది. కోతకు ముందు నోటీసు ఇవ్వాలి, సరైన కారణం ఉందేమో అడిగి తెలుసుకోవాలి. ఆరేళ్లలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లికి పిల్లల సంరక్షణ దొరకలేదంటే ఫెడరల్ చట్టమే కోతను ఒప్పుకోదు. కానీ నోటీసు పాత చిరునామాకు వెళితే? నా ఫైళ్లలో కోత పడిన తల్లుల్లో ఎదురు తిరిగినవాళ్లు నాకు గుర్తులేరు. ఇల్లు మారినవాళ్లు, ఫోను ఆగిపోయినవాళ్లు, భయపడి ఉత్తరం తెరవనివాళ్లే గుర్తున్నారు.

ఇప్పుడు ఆ సగం కుటుంబాల లెక్కను రాష్ట్రాలు ఎలా కుదుర్చుకుంటాయో చూడండి. మొదటి దారి చట్టమే ఇచ్చింది. సాయం పొందే కుటుంబాల సంఖ్య ఎంత శాతం తగ్గితే, 50 శాతం లక్ష్యం అన్ని పాయింట్లు తగ్గుతుంది. ఉద్యోగాలొచ్చి తగ్గారా, తలుపు దగ్గరే వెనక్కి పంపడం వల్ల తగ్గారా అని అడిగేవారు లేరు. అర్హత నియమాలు మార్చడం వల్ల తగ్గినవారిని తీసేయాలంటారు కానీ, క్యూలో నిలబడలేక వెళ్లిపోయినవారిని ఎవరు లెక్కిస్తారు? 1996లో దేశంలో పిల్లలున్న ప్రతి 100 పేద కుటుంబాల్లో 68 ఈ సాయం పొందేవి. 2020 నాటికి 21. ఆ 47 కుటుంబాల పేదరికం తీరి వెళ్లిపోలేదు. పేదల్లోంచే లెక్కపెట్టిన సంఖ్య అది.

రెండో దారి కాలిఫోర్నియా తొక్కింది. నా రాష్ట్రమే అయినా చెప్పక తప్పదు. ఏళ్ల తరబడి సగం లెక్క కుదరక జరిమానా నోటీసులు వచ్చాయి. 2014లో ఒక కొత్త సాయం మొదలుపెట్టారు. ఆహార సాయం పొందుతూ ఇప్పటికే ఉద్యోగం చేస్తున్న కుటుంబాలకు నెలకు అదనంగా 10 డాలర్లు. పది డాలర్లతో ఒక పూట కూరగాయలు వస్తాయి. కానీ ఆ పది డాలర్లతో ఆ కుటుంబాలు టానఫ్ లెక్కలోకి వచ్చాయి, వాళ్లందరూ పనిలో ఉన్నవాళ్లే కాబట్టి రాష్ట్రం శాతం ఒక్కసారిగా లేచింది. నా బల్ల ముందు కూర్చున్న తల్లి బతుకులో ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు. అయినా నేను దాన్ని మోసం అనను. జరిమానా పడితే కోత పడేది ఆ తల్లుల సేవలకే. రాష్ట్రం వాళ్లకు గొడుగు పట్టింది. గొడుగు పట్టాల్సి రావడమే తప్పు. 2023లో వచ్చిన ఫెడరల్ చట్టం ఆ దారి మూసింది. 2025 అక్టోబరు నుంచి నెలకు 35 డాలర్ల కంటే తక్కువ సాయం పొందే కుటుంబాలు లెక్కలోకి రావు. కుటుంబాల తగ్గుదలను కొలిచే మూల సంవత్సరం కూడా 2005 నుంచి 2015కు మారింది. అంటే ఇక ముందు రాష్ట్రాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కడికి దిగుతుందో మీకు చెప్పాలా? ఈ కాగితం మీదికే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. గంటలు లెక్కపెట్టే చోట, ఏడాది తర్వాత ఆ తల్లి జీతం ఎంత, ఆమె ఉద్యోగం నిలిచిందా అని లెక్కపెట్టండి. కాలిఫోర్నియా తన కౌంటీలను ఫలితాలతో కొలవడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ కూడా అలా కొలవాలి.

ఇంతవరకే నేను చెప్పదలచుకున్నది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక విద్యార్థిని: అక్కడి తెలుగు కుటుంబాలకు ఈ పథకంతో పని పడుతుందా, మేడమ్?)

పడుతుందమ్మా. తక్కువే, కానీ పడుతుంది. హెచ్‌1బీ, హెచ్‌4 వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సొమ్ముతో ఈ సాయం రాదు. గ్రీన్ కార్డు వచ్చాక కూడా చాలామందికి మొదటి ఐదేళ్లు రాదు. ఆ ఐదేళ్లలో కాలిఫోర్నియా తన సొమ్ముతో ఇస్తుంది. అక్కడే పుట్టిన పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి, తల్లికి అర్హత లేకపోయినా పిల్లల వరకు సాయం పొందవచ్చు. అలాంటి కేసులో తల్లికి పని షరతు ఉండదు.

నా దగ్గరికి వచ్చిన తెలుగు ఆడపిల్లలు కొద్దిమందే. వాళ్లలో ఎక్కువమంది దెబ్బలు తిని వచ్చినవాళ్లు. గృహహింస బాధితులు పోలీసులకు సహకరించి, నేర బాధితులకిచ్చే యు వీసాకు దరఖాస్తు చేసుకుంటే, కాలిఫోర్నియా 2006లో చేసిన చట్టం కింద రాష్ట్ర సొమ్ముతో సాయం ఉంది. హింస నుంచి తప్పించుకున్న మనిషికి పని గంటలను, కాలపరిమితిని పక్కన పెట్టే వీలుంది. ఈ సంగతి దరఖాస్తుతో ఇచ్చే కాగితాల్లో ఎక్కడో లోపల ఉంటుంది. చేతులు వణుకుతున్న అమ్మాయి అంత లోపలికి చదవదు. అందుకని జంటగా వచ్చినవాళ్లలో భర్తను వేరే కాగితం నింపమని బయట కూర్చోబెట్టేదాన్ని. తలుపు వేసి, ముందు ఆ పేజీ తీసి, తెలుగులో చదివి వినిపించేదాన్ని.